జలము లేని తీర్థము



'తీర్థ' శబ్దానికి మూలం 'తౄ' ధాతువు. తరించుట, దాటుట అని దాని అర్థం. దేని ద్వారా దాటుతామో అది తీర్థం. నదిలోనికి దిగే మెట్ల వరుస తీర్థం. విద్యాసాగరాన్ని దాటించే గురువు తీర్థం. కనుకనే ఒకే గురువు వద్ద చదివినవారు సతీర్థ్యులు. ఆరాధనానంతరం ఉద్ధరిణెతో భక్తుని అరచేతిలో పోసే జలమూ తీర్థమే. ఈ అర్థాలన్నింటిలోను అనుస్యూతంగా ఒక అంశం ఉన్నది: దాటేవాడొకడు ఉండాలి. దాటేవాడు లేనప్పుడు ఆ మెట్లు తీర్థమా, కేవలం శిలలా?

ఈ ప్రశ్న నాకు గ్రంథంలో ఎదురుపడలేదు. గత పుష్యమాసంలో నాగార్జునకొండ ద్వీపంపై, ఒక నిర్జల స్నానఘట్టం ముందు నిలిచినప్పుడు ఎదురైనది. అప్పటికే నా మనస్సులో మరొక ప్రశ్న ఉన్నందువలన అది మరింత బలంగా తాకినది. ఆ రెండవ ప్రశ్నను ముందుగా విన్నవిస్తాను.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట. నేను నిత్యార్చన చేసే ఆలయాలలో ఒకటి బాట ప్రక్కనున్న చిన్న హనుమదాలయం. గర్భగృహం, దాని ముందు నాలుగు రాతి కంబాల మండపం, ఒక రావిచెట్టు. అంతే దాని వైభవం. బాటను వెడల్పు చేయవలసి వచ్చింది. ఆలయాన్ని ఊరికి ఆవల, కొత్త ఇండ్లు వెలసిన వైపున విశాలమైన స్థలంలోనికి మార్చుదామని ప్రతిపాదన వచ్చింది. ఊరి పెద్దలు నా వద్దకు వచ్చి అడిగిన మాట ఒక్కటే: "అయ్యగారూ, దేవుణ్ణి జరపవచ్చునా? దోషం లేదు గదా?"

శాస్త్రపరంగా సమాధానం సులభం. బింబంలోని దేవతాకళను మంత్రపూర్వకంగా కలశజలంలోనికి ఆకర్షించుటకు కళాకర్షణమని పేరు. నూతనాలయం సిద్ధమగునంత వరకు స్వామిని బాలాలయంలో ఉంచి నిత్యపూజకు లోపం రాకుండా చూస్తారు. పిదప పునఃప్రతిష్ఠ. ఆగమాలలో జీర్ణోద్ధారణ విధి విస్పష్టంగా ఉన్నది. అయినా ఆ దినం నేను 'సరే' అనలేదు. విధి తెలిసినంత మాత్రాన ఔచిత్యం తెలిసినట్లు కాదు. కొంత గడువు అడిగాను.

ఆ గడువులోనే ఈ యాత్ర తటస్థించింది. మా ఊరి యువకుడొకడు చరిత్రలో ఎం.ఏ. చదివి, సెలవు దినాలలో పదిమందిని వెంటబెట్టుకొని ప్రాచీన స్థలాలకు కాలినడకన తీసికొనిపోతుంటాడు. వాడు దానిని ట్రెక్కింగ్ అంటాడు, రాత్రి గుడారాలలో ఉండుటను క్యాంపింగ్ అంటాడు. మన పూర్వులు ఈ రెంటినీ కలిపి తీర్థయాత్ర అన్నారు. "నాగార్జునకొండకు పోతున్నాము, మీరు కూడా రండి అయ్యగారూ. గుళ్లను జరిపిన చోటు చూసి వద్దురు గాని" అన్నాడు. స్వయంపాకానికి బియ్యం, పెసరపప్పు, చిన్న గిన్నె, ఒక కంబళి, కమండలువు సర్దుకొని బయలుదేరాను.

కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా సాగరానికి చేరి, కుడిగట్టున విజయపురి సౌత్ నుండి అనుపు వరకు సుమారు ఎనిమిది కిలోమీటర్లు నడిచాము. యువకులు ముందు నడిచారు. నేను నా వయస్సుకు తగిన వేగంతో, మనస్సులో జపం సాగించుకొంటూ వెనుక నడిచాను. అనుపులో ప్రాచీన రంగమండపం ఉన్నది. నడుమ చతురస్రమైన అంగణం, నాలుగు వైపులా ఇటుకల సోపానాలు. సమీపంలో హారీతీదేవి ఆలయం. ఇవి రెండూ మొదట ఉన్న చోట లేవు. జలాశయంలో మునిగిపోనున్న లోయ నుండి తెచ్చి ఇక్కడ పునర్నిర్మించినవి. హారీతి శిశువులను రక్షించే దేవత. మా బృందంలోని ఒక తల్లి దీపం పెట్టవచ్చునా అని అడిగింది. "వద్దమ్మా, ఇక్కడ పూజలు లేవు. చూచుటకే" అన్నాడు మా మార్గదర్శి. ఆమె తెచ్చిన నూనె సీసాను మళ్లీ సంచిలో పెట్టుకొన్నది.

ఆ రాత్రి ఒక రైతు అనుమతితో అతని చేని గట్టున గుడారాలు వేశారు. వారిచ్చిన స్లీపింగ్ బ్యాగు నాకు తలగడ అయినది. కంబళి శయ్య అయినది. సాయంసంధ్యను జలాశయపు ఒడ్డున ఉపాసించాను. చలిగాలి వీస్తున్నది. ఆ మౌనజలం క్రింద ఒక రాజధాని ఉన్నదని తెలిసి అర్ఘ్యం విడుచుట విచిత్రమైన అనుభవం.

భోజనాల తరువాత మా మార్గదర్శి ఆ లోయ కథ చెప్పాడు. మూడు వైపుల కొండలు, ఒక వైపు కృష్ణానది. అందులో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. శాతవాహనుల అనంతరం, క్రీ.శ. 3వ శతాబ్దంలో, వారు ఇక్కడి నుండి పాలించారు. ఆ స్థలాన్ని 1926లో శాసనపరిశోధకులు రంగస్వామి సరస్వతి గుర్తించారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ త్రవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీరు వచ్చేలోపల లోయనంతటినీ చదవవలసిన భారం ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని బృందంపై పడినది. 1954 నుండి 1960 వరకు వారు త్రవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, నాగార్జునకొండ శిఖరభాగానికీ అనుపుకూ తరలించి మళ్లీ కూర్చారు. లోయ జలాశయమైనది, కొండ ద్వీపమైనది.

ఇది ఎవరినీ నిందించుటకు చెప్పడం లేదు. మాది పాలమూరు సీమ. మా వారు దేశంలోని ఎన్నో ఆనకట్టలకు రాళ్లు మోసిన కూలీలు. నీటి విలువ మాకు ఎవరూ బోధించనక్కరలేదు. అన్నం కొరకు రాయి కదిలినది. కదిలించినవారు కూడా దానిని పారవేయక, ఏది ఎక్కడిదో చూచుకొని, భక్తితో సమానమైన శ్రద్ధతో కూర్చారు. ఆ శ్రమను తక్కువ చేయడం అధర్మం.

ఇక్ష్వాకుల ప్రస్తావనలో నన్ను కదిలించిన విషయం వేరొకటి. ఆ వంశంలో మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. శాసనాలు అతనిని అగ్నిహోత్ర, అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసినవానిగా, గోవులను, సువర్ణాన్ని, భూమిని దానమిచ్చినవానిగా కీర్తిస్తాయి. కోట ప్రాంతంలో బయల్పడిన ఒక మెట్ల కొలనును అశ్వమేధాంతంలోని అవభృథస్నానానికి సంబంధించినదిగా పురావస్తువేత్తలు భావించారు. ఆ రాజు సోదరి శాంతిశ్రీయేమో బుద్ధుని మహాచైత్యాన్ని పోషించిన ఉపాసిక. అన్న చేతిలో స్రువం, చెల్లెలి చేతిలో చైత్యపుష్పం, రాజగృహం ఒక్కటే. ఈనాడు ఒకే ఇంటిలో రెండు అభిప్రాయాలు ఉంటే పంచాయతీ పెట్టే మనం దీనిని కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది.

నేను కృష్ణయజుర్వేదాధ్యాయిని. తైత్తిరీయ బ్రాహ్మణం మూడవ అష్టకంలో ఎనిమిది, తొమ్మిది ప్రపాఠకాలు అశ్వమేధ విషయకాలు. బాల్యంలో గురువుగారి ఎదుట కూర్చుండి, సంవత్సరకాలం సంచరించే అశ్వాన్ని గురించి, మూడు దినాల సోమయాగాన్ని గురించి, అర్థం తెలిసీ తెలియని వయస్సులో వల్లె వేశాను. ఆ క్రతువును నేను చూడలేదు. మా గురువుగారు చూడలేదు. వారి గురువుగారూ చూడలేదు. అయినా స్వరం తప్పకుండా పాఠం నిలిచినది. ఇక్కడ క్రతువు జరిగినదని సాక్ష్యం చెప్పే రాళ్లు నీటిలో ఉన్నవి. క్రతువును చెప్పే వాక్కు చేని గట్టున కంబళి మీద కూర్చున్న ఒక సామాన్య అర్చకుని కంఠంలో ఉన్నది. ఈ రెంటిలో ఏది దృఢమైనది? వాక్కు గాలి వంటిది, రాయి గట్టిది అనుకొంటాము. కాని రాయిని మరొకరు మోయాలి. వాక్కు మాత్రం ఉచ్చరించేవాడు ఉన్నంత కాలం తనంత తానే నడుస్తుంది. నిద్ర పట్టునంత వరకు ఒక అనువాకం మెల్లగా చెప్పుకొన్నాను.

మరునాడు ఉదయం విజయపురి సౌత్ నుండి లాంచీలో ద్వీపానికి పోయాము. సుమారు పదకొండు కిలోమీటర్ల జలమార్గం. లాంచీ దిగి మధ్యయుగపు కోటగోడల నడుమ నుండి పైకి నడిస్తే, విహారాకృతిలో కట్టిన సంగ్రహాలయం కనబడుతుంది. లేత ఆకుపచ్చ ఛాయ గల పలనాటి సున్నపురాయిపై చెక్కిన జాతకకథలు, బుద్ధమూర్తులు, మృతులను స్మరించే ఛాయాస్తంభాలు అందులో ఉన్నవి. వెలుపల, ఎండలో, తరలించిన కట్టడాలు: మహాచైత్యం, సింహళ భిక్షువులతో సంబంధమున్న విహారం, అంతకంటె పురాతనమైన బృహత్‌శిలా సమాధి. ఒక వంద అడుగులు నడిచేసరికి వేయి సంవత్సరాలు దాటుతాము.

ఆ వరుసలోనే స్నానఘట్టం ఉన్నది. చక్కగా చెక్కిన రాతిపలకలు, సమమైన సోపానాలు, దిగుటకు ఎంతో అనువైన వాలు. ఒకప్పుడు కృష్ణాతీరంలో ఎందరి పాదాలు సోకినవో ఆ మెట్లు ఇప్పుడు గడ్డిలోనికి దిగి ఆగిపోతాయి. క్రింద నీరు లేదు. కొండకు నలువైపులా కనుచూపు మేర నీరే. ఘట్టం ఉన్నచోట నది లేదు. నది ఉన్నచోట ఘట్టం లేదు.

నా చేతిలో కమండలువు ఉన్నది. అందులో తెల్లవారుజామున పట్టిన కృష్ణాజలం ఉన్నది. నాలుగు చుక్కలు ఆ మెట్లపై ప్రోక్షించవలెనని చేయి లేచినది. ప్రోక్షించలేదు. అక్కడి నియమం ఒక కారణం. అంతకంటె బలమైన కారణం మరొకటి: ఈ దినం నేను పోస్తే రేపు ఎవరు పోస్తారు? అనుబంధం లేని ఒక్కనాటి జలం ఆ మెట్లను తీర్థం చేయదు. నన్ను మాత్రం కొంచెం తృప్తిపరుస్తుంది. ఆ తృప్తి కొరకు పూజాక్రియను వినియోగించరాదు. నమస్కరించి ఇవతలకు వచ్చాను.

మార్గదర్శి ఆ సమయంలోనే అడిగాడు. "అయ్యగారూ, రాయి అదే, కూర్పు అదే. ఏమి తక్కువైనది?"

ఏమి తక్కువైనదో చెప్పుటకు అదే లోయలోని ఒక శాసనం ఉపకరిస్తుంది. ఆభీర రాజు వసుషేణుని 30వ పాలనావర్షానికి చెందినది అది. అందులో సేడగిరిపై నెలకొన్న అష్టభుజస్వామి, అనగా ఎనిమిది భుజాల నారాయణుడు, ప్రస్తుతుడు. ఆ మూర్తి ఉదుంబర దారువుతో, అనగా మేడికర్రతో చేసినదని, స్థానం నుండి చలింపలేదని ఆ శాసనం చెబుతుంది. ఆ వాక్యతాత్పర్యాన్ని పండితులు భిన్నంగా వివరించారు. ఎట్లు వివరించినా ఒకటి స్పష్టం: స్వామి కదలలేదన్నది ఆనాటివారికి రాతిపై వ్రాయదగినంత ముఖ్యమైన విషయం. కదలలేదని వ్రాసిన లోయయే నీటిలో ఉన్నది. స్థానమే సర్వస్వమైతే ఆ అష్టభుజస్వామి ఈనాటికీ ఆరాధ్యుడై ఉండవలసినది. స్థానం నిలిచినది, ఆరాధన నిలువలేదు.

దీనికి ప్రత్యుదాహరణలు మా జిల్లా ముంగిటనే ఉన్నవి. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపురం సమీపాన సోమశిలలోని శివాలయాలు మునుగవలసి వచ్చినవి. వాటిని ఎగువకు తరలించారు. అలంపురం దగ్గర కూడలి సంగమేశ్వరాలయాన్ని సైతం అట్లే తరలించారు. సోమశిలలో ఈనాటికీ అభిషేకం జరుగుతున్నది. మహాశివరాత్రికి జనం వస్తారు. 2016 కృష్ణాపుష్కరాలలో అక్కడి నూతన ఘట్టాలలో వేలాది జనం స్నానం చేశారు. అవి నిన్నమొన్న పోసిన సిమెంటు మెట్లు. ఇక్ష్వాకుల నాటి చెక్కడపు నునుపు వాటికి లేదు. కాని వృద్ధురాలు ఒకతె మనుమని చేయి పట్టుకొని ఆ మెట్లు దిగితే అది తీర్థమే.

సోమశిలకు ఆవలి గట్టున సప్తనదీ సంగమేశ్వరం ఉన్నది. దానిని ఎవరూ కదిలించలేదు. సంవత్సరంలో అధికభాగం అది నీటిలో ఉంటుంది. జలమట్టం తగ్గినప్పుడు ఆలయం బయల్పడుతుంది. ఒండ్రు తొలగించి పూజ ఆరంభిస్తారు. మళ్లీ నీరు గర్భగృహాన్ని సమీపించినప్పుడు కడపటి హారతి ఇచ్చి వెనుకకు వస్తారు. అక్కడి లింగం వేపదారువుతో చేసినదని ప్రసిద్ధి. ఒక దారుమూర్తి కదలలేదని శాసనం వ్రాయించుకొని విస్మృతిలో కలిసినది. మరొక దారులింగం ప్రతివర్షం మునిగి, ప్రతివర్షం అర్చన అందుకొంటున్నది.

ఈ మూడింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. నాగార్జునకొండలో శిల తరలినది, ఆరాధన ఆగినది. సోమశిలలో శిల తరలినది, ఆరాధన సాగినది. సంగమేశ్వరంలో శిల తరలలేదు, ఆరాధన విచ్ఛిన్నమై కూడా మళ్లీ మళ్లీ అతుక్కొంటున్నది. కావున కదలుట, కదలకపోవుట ఇక్కడ నిర్ణాయకాలు కావు. యాగానికి ద్రవ్యం, దేవత, త్యాగం అనే మూడు అంశాలను మన శ్రౌతులు చెప్పారు. ద్రవ్యం మాత్రమే ఉంటే అది వస్తుసంచయం. ఇవ్వడమనే క్రియ తోడైనప్పుడే అది యాగం. ఆలయం విషయంలోను అంతే. శిల ద్రవ్యం. నిత్యం ఒక మనిషి తన కాలాన్ని, తన నిద్రను, తన నూనెను అక్కడ వదలుకొనుట త్యాగం.

ఈ కొండకు ఏ ఆచార్యుని పేరు సంప్రదాయం ముడిపెట్టినదో ఆ నాగార్జునుడు, ఏ వస్తువూ స్వతంత్రంగా లేదని, కారణాల కూడికచేతనే ఉన్నదని వాదించాడు. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో శూన్యవాదం సర్వప్రమాణ విరుద్ధమని త్రోసిపుచ్చారు. నేను భగవత్పాదుల పక్షమే. పరమార్థం శూన్యం కాదు, పూర్ణం. అయితే వ్యవహారదశలో, ఆలయమనే వస్తువును గురించి మాట్లాడేటప్పుడు, అది అనేక సామగ్రుల కూడిక అన్న మాటతో మనకు విరోధమేమున్నది? ఘటం పగిలితే ఆకాశానికి నష్టం లేదు, నిజమే. దేవతకు నష్టం లేదు. నష్టం నీరు త్రాగవలసినవానికే.

"తక్కువైనది రాయి కాదు నాయనా, రేపు" అని మార్గదర్శికి చెప్పాను. వాడు కొంతసేపు మౌనంగా నిలిచి, లాంచీ వేళ అయినదని అందరినీ పిలిచాడు.

ఊరికి తిరిగి వచ్చిన తరువాత పెద్దలను ఆలయ మండపంలో కూర్చుండబెట్టి నా అభిప్రాయం విన్నవించాను. కళాకర్షణం చేయవచ్చును, స్వామిని జరుపవచ్చును, దోషం లేదు. అయితే కొత్త స్థలంలో శిఖరం ఎన్ని అడుగులు, మండపానికి ఎన్ని కంబాలు, ఏ రాయి వాడవలెను అన్న చర్చకు ముందు ఒకటి తేలవలెను. ఇప్పటి ఆలయం బాట ప్రక్కన ఉన్నందువలన పొలం పోయేవాడు ఆగి దండం పెట్టుకొంటాడు, బడిపిల్ల ప్రదక్షిణ చేస్తుంది, సాయంకాలం ఎవరో ఒకరు ప్రమిదలో నూనె పోస్తారు. ఊరి నడక దానిని పోషిస్తున్నది. కొత్త స్థలం ఆ నడకకు దూరం. ఉదయపు అర్చన నేను చేస్తాను. నాకు ఏబది దాటినవి. మా పెద్దవాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నాడు; వాడి దారి వాడిది. సాయంకాలపు దీపం ఊరు పంచుకోవలెను. ఏ వారం ఏ ఇంటివారు దీపం పెడతారో ఏడు వారాలకూ పేర్లు వ్రాయండి. పేర్లు పూర్తి అయినప్పుడు ముహూర్తం చూస్తాను.

ఒక పెద్దమనిషి నవ్వి, "అయ్యగారూ, లక్షలు పోగుచేస్తామంటే మీరు నూనె లెక్క అడుగుతున్నారు" అన్నాడు. లక్షలు ఒక్కసారి ఇవ్వవచ్చును, నూనె ప్రతిదినం ఇవ్వవలెను, కనుక అదే పెద్ద మొత్తం అని చెప్పాను. ఆయన మరి నవ్వలేదు. కాగితం అడిగి తీసికొని మొదటి పేరు తానే వ్రాశాడు.

కాగితం ఇప్పుడు మండపంలోని కంబానికి అతికించి ఉన్నది. శనివారానికి పదునాలుగు ఇండ్లవారు వ్రాశారు. మంగళవారానికి తొమ్మిది. ఆదివారం, సోమవారం, గురువారం, శుక్రవారం ఒక్కొక్కరు, ఇద్దరేసి కుదిరారు. బుధవారం ఎదుట ఇంకా ఖాళీ ఉన్నది. పంచాంగం నా బల్లపై తెరచియే ఉన్నది. బుధవారానికి ఒక పేరు వచ్చిన నాడు ముహూర్తం పెడతాను.

స్వస్తి.